ముందు టైరు జారడం వేరు, ఎగరడం వేరు: చీమకుర్తి కారు మీద మూడు వారాల పని

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం ఒంగోలు కర్నూలు రోడ్డులోని మా షెడ్డుకి ఒక డీజిల్ హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. 2014 మోడల్, 1.3 లీటర్ ఇంజిన్, మీటరు మీద 1,18,000 కిలోమీటర్లు. ఓనరు చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయి. దిగీ దిగగానే అడిగాడు: "అన్నా, గేరుబాక్సు దించాలంట. నిజమేనా?"

గేరుబాక్సు సంగతి తర్వాత చూద్దాం, అసలు ఏమవుతోందో చెప్పమన్నాను. క్వారీ దారి నుంచి మెయిన్ రోడ్డు ఎక్కేటప్పుడు, లారీల సందులో దూరిపోదామని కాస్త గట్టిగా తొక్కితే, ముందు భాగమంతా దడదడ కొట్టుకుంటుందట. స్టీరింగ్ చేతుల్లో అదురుతుందట, డ్యాష్‌బోర్డు ఊడిపడేటంత చప్పుడట. కాలు తీస్తే వెంటనే ఆగిపోతుంది. మామూలుగా నడిపితే ఏమీ లేదు, హైవే మీద 100లో కూడా బండి నిలకడగానే ఉంది.

మా దగ్గరికి రాకముందు రెండు చోట్ల చూపించాడు. మొదటి చోట ఎడమ డ్రైవ్ షాఫ్ట్, అంటే గేరుబాక్సు నుంచి చక్రానికి బలం చేర్చే కడ్డీ, మార్చారు. నెల రోజులు కాస్త తగ్గినట్టు అనిపించి మళ్లీ మొదలైంది. రెండో చోట గేరుబాక్సులో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ లాగుడు పంచే పళ్ల అమరిక) పోయిందని, దించి చూడాలని అన్నారు. మార్చిన షాఫ్ట్ పాతది డిక్కీలోనే ఉంది. తీసి చూస్తే బయటి జాయింటు నిజంగానే అరిగింది, గుంటలు పడ్డాయి. అంటే మొదటి చోట చేసింది తప్పుడు పని కాదు, ఆ షాఫ్ట్ మార్చాల్సిందే. కానీ అది పాడైన వస్తువు మాత్రమే. దాన్ని పాడుచేసింది ఇంకొకటి, అది ఇంకా బండిలోనే ఉంది. కొత్త షాఫ్టును కూడా అదే కొట్టుడు కొడుతోంది.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ జబ్బుతో వచ్చే బండ్లలో సగానికి పైగా ఒక్క వస్తువు మార్చించుకుని వెళ్లి, తగ్గక ఇంకో షెడ్డుకి పోతుంటాయి. ఈసారి ఒక్కో మార్పు చేస్తూ, ప్రతి మార్పుకీ వీడియో తీసి లెక్క రాసుకునే అవకాశం దొరికింది. ఓనరు ఓపిక పట్టాడు. మళ్లీ మళ్లీ టెస్ట్ చేసినందుకు కూలీ వేయనని నేనూ మాట ఇచ్చాను.

చక్రం ఎందుకు ఎగురుతుంది

బడిలో పంతులుగారు నల్లబల్ల మీద పొడుగు సుద్దముక్కతో గీత గీస్తుంటే ఒక్కోసారి గీత పడకుండా టకటకటక చుక్కలు పడేవి, గుర్తుందా? సుద్ద బల్లకు పట్టుకుంటుంది, వంగుతుంది, పట్టు తప్పి ఎగురుతుంది, మళ్లీ పడి పట్టుకుంటుంది. అదే సుద్దను విరిచి, కొసకు దగ్గరగా గట్టిగా పట్టుకుంటే గీత సాఫీగా వస్తుంది. బల్ల మారలేదు, సుద్ద మారలేదు, పట్టుకున్న తీరు మారింది.

ముందు చక్రాలతో లాగే కారులో జరిగేది ఇదే. టైరు రోడ్డును పట్టుకుని ముందుకు లాగుతుంది. చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి లోయర్ ఆర్మ్, దాని కీలు దగ్గరి బుష్ రబ్బరు నొక్కుకుపోతుంది. ఇంజిన్ తనను మోసే రబ్బరు మౌంటింగుల మీద వెనక్కి ఒరుగుతుంది. ఈ రబ్బర్లన్నీ స్ప్రింగుల్లాగా బిగుసుకుంటాయి. టైరు తన హద్దు దాటి జారిన క్షణంలో ఆ బిగువంతా ఒక్కసారి వదులుతుంది. చక్రం వెనక్కి విసిరినట్టు కొట్టుకుంటుంది, టైరు మీద బరువు తగ్గుతుంది, మరుక్షణం బరువు మళ్లీ పడి టైరు పట్టుకుంటుంది. సెకనుకు పది పన్నెండు సార్లు ఇలా జరిగితే బయటికి దడదడ అని వినిపిస్తుంది. పట్టుకున్న ప్రతిసారీ షాఫ్ట్ జాయింట్ల మీద, డిఫరెన్షియల్ పళ్ల మీద సుత్తి దెబ్బ పడినట్టే.

కాబట్టి ఇక్కడ రెండు సమస్యలున్నాయి. టైరుకు పట్టు చాలక జారడం ఒకటి. జారినప్పుడు సాఫీగా తిరగకుండా ఎగరడం రెండోది. మొదటిది టైరు, గాలి, బరువు, రోడ్డు చూసుకునే వ్యవహారం. రెండోది బుష్షులు, మౌంటింగులు, షాకుల (షాక్ అబ్జార్బర్ల) వ్యవహారం. ఈ రెంటినీ కలిపేసి చూసేవాళ్లే కొత్త టైర్లు వేయించి, ఎగరడం ఇంకా ఎక్కువైందని వాపోతుంటారు. మా షెడ్డులోనే రెండేళ్ల క్రితం ఒక బండికి నేను అదే పని చేశాను. టైరు పట్టు పెరిగేసరికి అరిగిన బుష్ ఇంకా ఎక్కువ మెలితిరిగింది, వదిలినప్పుడు ఇంకా గట్టిగా కొట్టింది. అందుకే ఈసారి టైర్లను చివరికి పెట్టుకున్నాను.

ఆ చీమకుర్తి దారి, డిక్కీలో రాళ్లు

బండి సంగతి చూసే ముందు బండి తిరిగే చోటు చూడాలి. మరుసటి రోజు ఉదయం ఓనరుతోపాటే చీమకుర్తి వెళ్లాను. ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కోత యూనిట్ల నుంచి వచ్చే రాతి బురద ఎండి, పిండిలాంటి పొడిగా మారి రోడ్డు అంచులన్నీ పరుచుకుని ఉంటుంది. క్వారీ దారి తారు రోడ్డును కలిసే చోట వాలు ఉంది, పదడుగులకు ఒక అడుగు ఎత్తు లేస్తుంది. బండి మలుపు తిరుగుతూ ఎక్కేటప్పుడు ఎడమ చక్రం పొడి మీద, కుడి చక్రం తారు మీద ఉంటాయి.

మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండికి ఇది కష్టమైన పరిస్థితి. బండలాగుడు పందేలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కాడికి కట్టిన జతలో ఒక గిత్త కాలు జారితే రెండోదానికి ఎంత బలమున్నా బండ కదలదు. డిఫరెన్షియల్ కూడా అంతే, రెండు చక్రాలకీ సమానమైన లాగుడు పంచుతుంది. జారే చక్రం ఎంత మోయగలదో, తారు మీది చక్రానికి కూడా అంతే అందుతుంది.

డిక్కీ తెరిస్తే రాళ్లు! కొనేవాళ్లకు చూపించడానికి అడుగు చదరం, 20 మి.మీ. మందం ఉన్న నల్ల గెలాక్సీ శాంపిళ్లు. ఒక్కోటి ఐదున్నర కిలోల పైనే ఉంటుంది. పదహారు ముక్కలు లెక్కపెట్టాం, అంటే 90 కిలోలు. ఇది వెనక ఇరుసుకు కూడా వెనకాల ఉన్న బరువు. తూగుడుబల్లలో ఒక కొసను నొక్కితే రెండో కొస లేచినట్టు, ఇది ముందు చక్రాల మీది బరువును ఎత్తేస్తుంది.

లెక్క వేసి చూపిస్తేనే ఆయనకు నమ్మకం కుదిరింది. ఇద్దరు మనుషులు, రాళ్లతో కలిపి బండి 1,280 కిలోల దాకా ఉంటుంది. నేల మీద నిలబడి ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద 700 కిలోలకు పైగా పడుతుంది. వాలు ఎక్కుతూ గట్టిగా లాగినప్పుడు బరువు వెనక్కి జరిగి, ముందు ఇరుసు మీద దాదాపు 100 కిలోలు తగ్గిపోతాయి. ఇటు ఇంజిన్ చూడండి: 190 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, మొదటి గేరులో పన్నెండు, పదమూడు రెట్లయి చక్రాలకు చేరుతుంది. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి అది 800 కిలోల లాగుడు. దుమ్ము రోడ్డు మీద ఆ ముందు టైర్లు మోయగలిగేది అందులో సగం కూడా కాదు. అంటే ఈ వాలు మీద పూర్తిగా తొక్కితే ఏ టైరు వేసినా జారుతుంది. అందుకు బండిని తప్పు పట్టలేం. జారినప్పుడు ఎగరకుండా చూడటం, అసలు జారే అవసరమే తక్కువ రావడం, ఈ రెండూ మన చేతిలో ఉన్నవి.

ఇంకో విషయం ఈ ఇంజిన్ స్వభావం. ఆ రోజుల్లో రెండు మూడు కంపెనీల చిన్న డీజిల్ కార్లలో ఇదే ఇంజిన్ ఉండేది కాబట్టి చాలామంది మెకానిక్కులకు తెలిసిందే. 1,700 ఆర్‌పీఎం లోపు మందకొడిగా ఉంటుంది, టర్బో అందుకోగానే 2,000 దగ్గర ఒక్కసారి తోస్తుంది. డ్రైవరు క్లచ్ పూర్తిగా వదిలే క్షణం, టర్బో తోసే క్షణం ఒకటైతే దెబ్బ నేరుగా టైరు మీదే పడుతుంది.

ముందు కొలతలు

మా షెడ్డు పక్క సందులో కాంక్రీటు వాలు ఒకటి ఉంది, చీమకుర్తి వాలుకు దగ్గరగా ఉంటుంది. దాని మీద రాతి పొడి చల్లాం. ఎదురుగా ఎవరూ లేకుండా, సందు రెండు వైపులా మనుషుల్ని నిలబెట్టి, ప్రతిసారీ ఐదు లాగుళ్లు. క్లచ్ కాలిపోకుండా ఒక్కో లాగుడుకీ మధ్య ఐదు నిమిషాల విరామం. మా కుర్రాడు పక్కన కూర్చుని ఫోనుతో ముందు ఎడమ చక్రాన్ని స్లో మోషన్‌లో తీశాడు, సెకనుకు 240 ఫ్రేములు. రాళ్లు డిక్కీలోనే ఉంచాం. జబ్బు ఎలా వస్తుందో అలాగే పరీక్ష చేయాలి.

మొదటి వీడియో చూస్తే కంటికి కనబడనిది కనబడింది. ఎగురుడుకీ ఎగురుడుకీ మధ్య ఇరవై ఫ్రేములు, అంటే సెకనుకు పన్నెండు సార్లు. చక్రం పైకీ కిందికీ మాత్రమే కదలడం లేదు, ముందుకీ వెనక్కీ కూడా కదులుతోంది. ఫెండరు (చక్రం మీది బాడీ రేకు) అంచుకీ టైరుకీ మధ్య సందు పెరుగుతూ తరుగుతూ ఉంది. అది చూడగానే లోయర్ ఆర్మ్ వెనక బుష్ మీద అనుమానం గట్టిపడింది. ఐదు లాగుళ్లకూ ఐదుసార్లు ఎగిరింది, ఒక్కోసారి ఏడు నుంచి తొమ్మిది ఎగురుళ్లు.

గాలి చూస్తే ముందు టైర్లలో 41 పీఎస్ఐ. ఎండలో నడిచి వచ్చిన వేడి అది. మర్నాడు తెల్లారి చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 37. డోరు దగ్గరి స్టిక్కరు మీద 33 అని ఉంది. మైలేజీ వస్తుందని పంచర్ షాపులో ఎక్కువ కొట్టిస్తున్నాడట. టైరు లోపలి వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒక పాయింటు పెరుగుతుంది. ఇక్కడి మే నెల ఎండలో చల్లగా 37 పెట్టిన టైరు మధ్యాహ్నానికి బంతిలా ఉబ్బుతుంది. నేలకు ఆనే భాగం చిన్నదవుతుంది, దడ ఎక్కువవుతుంది.

టైర్ల పక్క మీద నాలుగంకెల నంబరు 2217. అంటే 2017లో 22వ వారంలో తయారైనవి, ఏడేళ్ల టైర్లు. టైరు మీది గట్లు 3 మి.మీ. ఉన్నాయి, అరుగుదల హద్దు చూపే 1.6 మి.మీ. గుర్తు దాకా ఇంకా టైముంది. "గట్లు ఉన్నాయి కదన్నా, ఇంకో ఏడాది వస్తాయి" అన్నాడు ఓనరు. నా దగ్గర రబ్బరు గట్టిదనం చూసే చిన్న మీటరు ఉంది, షోర్ ఎ స్కేలుది. పక్కన అమ్మకానికి పెట్టిన కొత్త టైరు మీద పెడితే 64 చూపింది. ఈయన టైరు మీద 78. గోటితో నొక్కితే ప్లాస్టిక్ బకెట్ నొక్కినట్టుంది. గట్ల లోతు వాన నీళ్లను బయటికి తోయడానికి కావాలి. పొడి రోడ్డు మీద పట్టుకునేది మెత్తని రబ్బరు. ఏడేళ్ల ఎండ ఆ మెత్తదనాన్ని తీసేసింది.

లోయర్ ఆర్మ్: అసలు కథ ఇక్కడే

బండిని గుంత మీద నిలబెట్టి కిందికి దిగాను. రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు కొత్తవే. అడిగితే ఎనిమిది నెలల క్రితం మార్పించానన్నాడు. అందుకే మిగతా చోట్ల ఎవరూ వాటివైపు చూడలేదు. కొత్త ఆర్మ్ కదా అని నేను కూడా వదిలేసేవాణ్ణే, ఆ వీడియో చూడకపోతే.

టామీ రాడ్ పెట్టి వెనక బుష్ దగ్గర మెల్లగా ఎత్తితే రబ్బరు నోరు తెరిచింది. ఎడమ వైపు సగం చుట్టూ చిరిగిపోయింది, కుడి వైపు అందులో సగం. ఎనిమిది నెలల్లో ఇలా చిరగడానికి సరుకు నాసిరకం కావాల్సిన అవసరం లేదు. కారణం బిగించిన తీరు.

ఈ బుష్ లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప రింగు, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బండికి బిగుసుకుంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరు మెలితిరుగుతుంది. దానికి అదే పని, కానీ ఆ మెలి అటు కొంత, ఇటు కొంత సమానంగా ఉండాలి. బండిని జాకీ మీద లేపినప్పుడు చక్రం వేలాడుతుంది, ఆర్మ్ బాగా కిందికి దిగి ఉంటుంది. ఆ స్థితిలోనే బోల్టు గట్టిగా బిగిస్తే, అదే రబ్బరుకు మెలి లేని స్థానం అవుతుంది. బండి దించగానే రబ్బరు ఒకే వైపుకు మెలితిరిగిపోయి, ఇరవై నాలుగు గంటలూ అలాగే ఉంటుంది. షెడ్డు ముందు నిలబడి ఉన్నప్పుడు కూడా! దాని మీద క్వారీ గుంతలు. ఎనిమిది నెలలు నిలవడమే గొప్ప.

పని తొందరలో ఇది చాలాచోట్ల జరుగుతుంది. లిఫ్టు మీద ఉన్నప్పుడే అన్నీ బిగించేస్తే సుఖం కాబట్టి. పాత కాలపు గుంత ఉన్నవాళ్లకు ఇక్కడ లాభం ఉంది. బండి తన కాళ్ల మీద నిలబడి ఉండగానే కిందికి దిగి బిగించవచ్చు.

మేం చేసింది ఇలా. బండి లేపకముందే చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకున్నాం, 37.5 సెంటీమీటర్లు. కొత్త ఆర్మ్‌లు ఎక్కించి బోల్టులు చేతి బిగువు వరకే తిప్పాం. చక్రాలు వేసి, బండి దించి, ముందు భాగాన్ని నాలుగుసార్లు ఊపి, పది అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, కొలత మళ్లీ 37.5కు వచ్చిందని చూసుకున్నాక, గుంతలోకి దిగి మాన్యువల్‌లో ఉన్న టార్కుకు రెంచ్‌తో బిగించాం. గుంత లేనివాళ్లు ఆర్మ్ కింద జాకీ పెట్టి, అదే కొలత వచ్చేదాకా ఎత్తి, స్టాండు వేసి బిగించవచ్చు.

గాలి 33కు దించినప్పుడు ఎగురుళ్లు ఐదారుకు తగ్గాయి. ఆర్మ్‌లు మారాక మూడు నాలుగుకు వచ్చాయి. వీడియోలో ముందుకీ వెనక్కీ కదలడం దాదాపు పోయింది, పైకీ కిందికీ మాత్రం మిగిలింది.

మౌంటింగు దగ్గర నేను చేసిన పొరపాటు

బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు వేసి, కాలి బ్రేకు తొక్కి పట్టుకుని, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదిలితే ఇంజిన్ ఒరుగుతుంది. రివర్స్‌లో అటువైపు ఒరుగుతుంది. పక్కన ఒక అట్టముక్క నిలబెట్టి గుర్తులు పెట్టి చూశాం. ఇటు నుంచి అటు మూడు సెంటీమీటర్ల దాకా ఊగుతోంది. ఈ పరీక్షలో బండి ముందు ఎవరూ నిలబడకూడదు, ఎంత నమ్మకమైన డ్రైవరు లోపల ఉన్నా సరే. వెనక మౌంటింగు, అంటే ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఒరగకుండా ఆపేది, రబ్బరు విడిపోయి ఇనుముకు ఇనుము తగులుతోంది.

ఇక్కడ నేను ఆశపడ్డాను. మామూలు రబ్బరు బదులు గట్టి పాలీయురేథేన్ ముక్క వేస్తే ఊగడం ఇంకా తగ్గుతుంది కదా అని తెప్పించి వేశాను. టెస్టులో అద్భుతంగా ఉంది, ఎగురుళ్లు ఒకటికి పడిపోయాయి. రెండో రోజే ఓనరు తిరిగొచ్చాడు. "అన్నా, సిగ్నల్ దగ్గర ఆగితే సీట్లో కూర్చోలేకపోతున్నా. మా అమ్మకి నడుము నొప్పి, ఎక్కనంటోంది." నిజమే, డీజిల్ ఇంజిన్ ఐడిలింగ్‌లో పుట్టే అదురంతా ఆ గట్టి ముక్క గుండా నేరుగా బాడీకి వస్తోంది. రేసు బండికి పనికొచ్చేది ఇంట్లో మనుషులు ఎక్కే బండికి పనికిరాలేదు. నా డబ్బులతోనే అది తీసేసి కంపెనీ రబ్బరు మౌంటింగు వేశాను. ఎగురుళ్లు ఒకటి, రెండు మధ్య నిలిచాయి. బండి మళ్లీ మెత్తగా నిలబడింది.

గట్టి బుష్షులు వేయమని అడిగేవాళ్లు ఇప్పుడు చాలామంది వస్తున్నారు. పనిచేస్తాయి, అబద్ధం కాదు. కానీ చిరిగిపోయిన రబ్బరు బదులు మంచి రబ్బరు వేస్తే వచ్చే లాభమే చాలా పెద్దది. అది చేయకుండా గట్టివాటికి పోనక్కర్లేదు.

షాకుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఎడమది నూనె కారి ఒళ్లంతా దుమ్ము పట్టి ఉంది, విప్పి చేత్తో నొక్కితే సగం దాకా ఏ అడ్డూ లేకుండా దిగిపోయింది. బానెట్ మీద చేత్తో నొక్కి చూసే పాత పరీక్షలో మాత్రం బాగానే ఉన్నట్టు అనిపించింది, కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. ముందు రెండూ జతగా మార్చాం, పైన బేరింగులతో సహా. ఆ తర్వాత వీడియోలో చక్రం ఒక్కసారి లేచి, పడి, అక్కడితో ఆగిపోతోంది.

అప్పుడు అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా ఉన్నాయా అని కొలిచి సరిచేయడం. ఆర్మ్‌లు మార్చాక ఇది తప్పనిసరి. మొదట కొలిచినప్పుడు ముందు చక్రాలు బయటికి విచ్చుకుని ఉన్నాయి, 6 మి.మీ. దాకా. లాగేటప్పుడు చక్రాలు ముందుకు తోసుకుని లోపలికి తిరుగుతాయి కాబట్టి ముందు చక్రాల బండ్లకు కొద్దిగా విచ్చుకుని ఉండటమో, సున్నా దగ్గర ఉండటమో మామూలే. కానీ 6 మి.మీ. అంటే రెండు టైర్లూ చెరో దారి పట్టినట్టు, నిలకడగా పోతున్నప్పుడే పట్టులో కొంత వృథా అవుతోంది. కంపెనీ చెప్పిన హద్దులోకి తెచ్చాం.

టైర్లు, ఎక్కడ వేయాలన్న వాదన

ఆయన మొదట్నుంచీ 16 అంగుళాల అలాయ్‌లు, వెడల్పు టైర్లు అడుగుతున్నాడు. వద్దన్నాను. పెద్ద చక్రం అంటే సాధారణంగా ఎక్కువ బరువు. స్ప్రింగు కింద వేలాడే బరువు పెరిగితే దాన్ని అదుపు చేయడం షాకుకు ఇంకా కష్టం. మనం తగ్గించాలని చూస్తున్నది ఆ కొట్టుకోవడమే కదా. పలచని పక్కగోడల టైరు క్వారీ గుంతల్లో రిమ్ములు వంచుతుంది. కంపెనీ సైజులోనే, కాస్త మెత్తని రబ్బరు ఉన్న మంచి రకం చాలు.

ఇక రెండే కొని ముందు వేయమన్నాడు. పట్టు కావాల్సింది ముందు కదా అని ఆయన వాదన. దానికీ ఒప్పుకోలేదు. ముందు కొత్తవి, వెనక ఏడేళ్ల గట్టి టైర్లు ఉంటే, వానలో బ్రేకు వేసినప్పుడో మలుపులో కాలు తీసినప్పుడో వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. ముందు జారితే కాలు తీసి సర్దుకోవచ్చు, వెనక జారితే మామూలు డ్రైవరు సర్దుకోలేడు. అందుకే రెండే కొంటే కొత్తవి వెనక వేయమంటారు. ఈ బండిలో వెనకవి కూడా 2017వే. "తమ్ముడూ, అలాయ్‌లకు పెట్టే డబ్బుతో నాలుగు టైర్లు వస్తాయి, ఇంకా మిగులుతాయి" అని చెప్పాక నాలుగూ మార్చడానికి ఒప్పుకున్నాడు. స్పేరు పాతదే, దాన్ని ఇంటికి చేర్చేదాకానే వాడమని చెప్పాను.

కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చేటప్పటి జిడ్డు పొర ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెత్తగా నడపమన్నాను. ఆ తర్వాత చివరి టెస్టు చేశాం. రాళ్లతో, పొడి మీద, అదే వాలు, ఐదు లాగుళ్లు. నాలుగుసార్లు జారకుండా ఎక్కేసింది. ఐదోసారి నేను కావాలని 2,500 ఆర్‌పీఎంలో క్లచ్ గభాల్న వదిలాను. ఎడమ చక్రం జర్రున తిరిగింది. వీడియోలో ఫెండరు అంచుకీ టైరుకీ మధ్య సందు మారలేదు.

డ్రైవరు కాలు

చివర్లో అరగంట ఆయన్ని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టాను. ఇదీ పనిలో భాగమే. 1,400, 1,500 మధ్య క్లచ్ వదలడం మొదలుపెట్టి, పూర్తిగా వదిలాకే ఎక్సలేటరు పెంచాలి, టర్బో తోసేటప్పటికి బండి అప్పటికే కదులుతూ ఉండాలి. స్టీరింగ్ వీలైనంత తిన్నగా పెట్టుకుని వాలు ఎక్కాలి, పైకి వచ్చాక తిప్పుకోవాలి. తిప్పి ఉన్న చక్రంతో లాగితే బయటి జాయింటు మీద భారం ఎక్కువ. దడ మొదలైతే కాలు వెంటనే తీసేయాలి. చాలామంది ఇంకాస్త తొక్కితే దాటేస్తుందని పట్టుబడతారు. షాఫ్టులు పోయేది ఆ రెండు సెకన్లలోనే. రాళ్లు డిక్కీలో కాకుండా ముందు సీటు వెనక నేల మీద పెట్టమన్నాను. బరువు ఇరుసుల మధ్యకు వస్తుంది, బ్రేకు వేసినా సీటు ఆపుతుంది. శాంపిళ్లు పదహారు ఎందుకు, ఆరు చాలవా అని కూడా అడిగాను. ఎనిమిది దగ్గర బేరం కుదిరింది.

పట్టు ఇంకా కావాలంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది, ఒక చక్రం జారినా రెండోదానికి లాగుడు అందించేది. కానీ దాని ఖర్చుకు, ఈ పాత బండి విలువకు పొంతన లేదు, గేరుబాక్సు దించాలి కూడా. కొత్తగా వచ్చే కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ ఈ పనిని కొంతవరకు చేస్తుంది. జారే చక్రానికి బ్రేకు వేసి, ఇంజిన్ బలం తగ్గిస్తుంది. ఈ బండిలో అది లేదు.

ఖర్చు విషయానికొస్తే, ఆర్మ్‌లు, మౌంటింగు, షాకులు, అలైన్‌మెంట్ కలిపి పదిహేను వేలు దాటలేదు, టైర్లు వేరే. గేరుబాక్సు దించి చూడటానికి అడిగిన మొత్తం దానికంటే ఎక్కువ. డిఫరెన్షియల్‌లో ఏ లోపమూ లేదు. ఆయిల్ దించి చూశాను, ఇనుప రజను లేదు, మాగ్నెట్ మీద మామూలుగా ఉండే నల్లటి పొర తప్ప.

నవంబరులో సర్వీసుకు వచ్చినప్పుడు బుష్షులు మళ్లీ చూశాను. ఆరు నెలలు, 9,000 కిలోమీటర్లు, అదే క్వారీ దారి. రబ్బరు మీద సన్న పగులు కూడా లేదు. కుడి మౌంటింగు కొద్దిగా మెత్తబడింది, వచ్చే ఏడాది చూసుకోవచ్చని కార్డు మీద రాశాను. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు పడుతున్నాయి. తడిసిన రాతి పొడి రోడ్డు మీద వెన్న రాసినట్టు ఉంటుంది, లారీలే జారతాయి. ఆయన ఫోను తీసి ముందురోజు తీసిన వీడియో చూపించాడు. క్వారీ వాలు మీద బురదలో ఎడమ చక్రం గిర్రున తిరుగుతోంది, బురద చిమ్ముతోంది, బండి కదలడం లేదు. చప్పుడు లేదు, అదురు లేదు. కాలు తీసిన శబ్దం వినిపిస్తుంది, చక్రం ఆగుతుంది, మళ్లీ నెమ్మదిగా కదిలి, బండి మెల్లగా తారు మీదికి ఎక్కిపోతుంది. "చూశావా అన్నా, జారింది గానీ ఎగరలా" అన్నాడు.